జోల్వా నూలు, వరేలీ పేరు



వరంగల్లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్ వచ్చే తెలుగువాళ్లకు ఆఖరి గంట దారి కంఠతా వచ్చు. వ్యారా దాటిన దగ్గర్నుంచి పట్టాలకు రెండు పక్కలా చెరకు తోటలే. బార్డోలీ దాటి గంగాధరా, చల్థాన్ స్టేషన్లు వచ్చేసరికి తోటలు పలచబడి పొగగొట్టాలు మొదలవుతాయి. డయింగ్ మిల్లులు, వాటర్‌జెట్ మగ్గాల షెడ్లు, నూలు కర్మాగారాలు కనిపిస్తాయి. పల్సాణా తాలూకాలోని జోల్వా ఈ చుట్టుపక్కల ఊరే.

జోల్వాలో గార్డెన్ సిల్క్ మిల్స్ వారి పాలియెస్టర్ చిప్స్, నూలు తయారీ కర్మాగారం ఉంది. అదే తాలూకాలో, కడోదరా దగ్గరున్న వరేలీ ఊళ్లో అదే కంపెనీకి మరో కర్మాగారం ఉంది. 1980లు, 90లలో పత్రికలు తిరగేసినవాళ్లకు గార్డెన్ వరేలీ చీరల ప్రకటనలు గుర్తుండే ఉంటాయి. ప్రఫుల్ షా నడిపిన ఆ కంపెనీ తన చీరలకు ఒక పల్లెటూరి పేరు పెట్టి దేశమంతా తిప్పింది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో దుకాణానికి వెళ్లి వరేలీ చీర కావాలని పేరు పెట్టి అడిగారు. అది గుజరాత్‌లో ఒక ఊరని వాళ్లలో చాలామందికి తెలియదు. జోల్వా పేరు మాత్రం అలా ఏ చీర మీదికీ ఎక్కలేదు. కష్టం రెండూళ్లదీ అయినా పేరు ఒక్క ఊరికే దక్కింది. కంపెనీ తర్వాత అప్పుల్లో చిక్కుకుని, దివాలా చట్టం కింద 2021లో చటర్జీ గ్రూపుకు చెందిన ఎంసీపీఐ చేతికి వెళ్లింది. యజమానులు మారినా ఆ చీర కట్టుకున్న తరం ఆ పేరును మరచిపోలేదు.

ఒకరి కింద ఉద్యోగం చేయకుండా పని తెచ్చుకుని, చేసి, ఇచ్చి డబ్బు తీసుకునే ఫ్రీలాన్సర్లందరూ ఆలోచించాల్సిన విషయం ఈ రెండూళ్ల కథలో ఉంది. నీతి ఆయోగ్ 2022 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ పనివారున్నారు. 2029-30 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 35 లక్షలకు చేరుతుందని అంచనా. అందులో డెలివరీ కుర్రాళ్లూ ఉన్నారు, డ్రైవర్లూ ఉన్నారు, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని డిజైన్లు గీసేవాళ్లూ ఉన్నారు. డెలివరీ చేసేవాడికి పని యాప్ ఇస్తుంది. డిజైన్లు గీసేవాడికి పని తెచ్చిపెట్టేది అతని పేరు. అతని పేరు తలుచుకుని ఎవరైనా ఫోన్ చేస్తేనే ఆ నెల గడుస్తుంది.

పర్సనల్ బ్రాండ్ అన్న మాటకు ఊపు తెచ్చింది అమెరికాలో టామ్ పీటర్స్ అనే మేనేజ్‌మెంట్ రచయిత. 1997 ఆగస్టులో ఫాస్ట్ కంపెనీ పత్రికలో ఆయన రాసిన వ్యాసం, ప్రతి మనిషీ తానే ఒక బ్రాండ్ అనుకుని మెలగాలని చెప్పింది. ఆ మాట పట్టుకుని అప్పటినుంచి పుస్తకాలు, కోర్సులు, వీడియోలు పుట్టుకొస్తూనే ఉన్నాయి. చాలావాటి సారం ఒక్కటే: రోజూ పోస్టు పెట్టు, మంచి ఫోటో దిగు, కనిపిస్తూ ఉండు. సూరత్ వస్త్ర బజారులో బతికేవాడికి ఆ సలహా అక్కరకు రాదు. ఇక్కడ పేరు పుట్టే చోటు వేరు.

సూరత్ తెలుగువాళ్లలో ఎక్కువమంది తెలంగాణ పద్మశాలీలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో వీళ్ల పెద్దలు షోలాపూర్, భీవండీ, సూరత్ బాట పట్టారు. లింబాయత్, ఉధ్నా వైపు వాళ్ల బస్తీలు వెలిశాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిందంటే ఇక్కడ తెలుగు కుటుంబాలు ఎన్ని స్థిరపడ్డాయో ఊహించుకోవచ్చు. మొదటి తరం మరమగ్గం మీద పన్నెండు గంటల షిఫ్టు చేసింది. వాళ్ల పిల్లల్లో కొందరు అదే మగ్గానికి యజమానులయ్యారు, కొందరు బ్యాంకుల్లో, దుకాణాల్లో కుదిరారు. ఇంకొందరు మగ్గానికీ కంప్యూటరుకూ మధ్య ఉన్న కొత్త పనుల్లోకి వచ్చారు. ఎంబ్రాయిడరీ పంచింగ్, డిజిటల్ ప్రింట్ డిజైన్, చీరల కేటలాగు ఫోటోలు, రీల్స్ ఎడిటింగ్, జీఎస్టీ లెక్కలు. ఇవన్నీ ఇంట్లో ఒక గదిలోంచే చేసుకోగల పనులు.

ఈ బజారులో ఒక చీర ఎన్ని చేతులు మారుతుందో చూస్తే పేరు ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది. నూలు ఒకచోట తయారవుతుంది. మగ్గం మీద నేసిన, ఇంకా రంగు వేయని గ్రే తాకా దలాల్ ద్వారా వ్యాపారికి చేరుతుంది. వ్యాపారి దాన్ని మిల్లుకు పంపి రంగు వేయిస్తాడు, ప్రింటు వేయిస్తాడు. అక్కడి నుంచి ఎంబ్రాయిడరీకి, లేసు కుట్టే ఇళ్లకు, మడతపెట్టి ప్యాక్ చేసే చోటికి. రింగ్ రోడ్డు మార్కెట్ నుంచి లారీ ఎక్కి విజయవాడ వస్త్రలతకో, రాజమండ్రి తాడితోటకో, హైదరాబాదు మదీనాకో వెళ్తుంది. అక్కడి దుకాణదారు తన పేరున్న సంచీలో పెట్టి అమ్ముతాడు. దారిలో పనిచేసినవాళ్లలో ఎక్కువమందిది జాబ్ వర్క్. జాబ్ వర్క్ అంటే కూలి తీసుకుని పని అప్పగించడం, పేరు వదులుకోవడం. ఆ పల్లూ మీది నెమలిని గీసిందెవరో కొన్నావిడకు తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

ఎంబ్రాయిడరీ పంచింగ్ పనినే దగ్గర నుంచి చూద్దాం. వ్యాపారి ఒక బొమ్మ ఇస్తాడు. ఎక్కువసార్లు అది ఫోన్‌లో తీసిన వేరే చీర ఫోటో. పంచింగ్ చేసేవాడు దాన్ని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, గీత గీతనూ కుట్టుగా మారుస్తాడు. రేకు ఏ దిక్కుకు కుట్టాలి, ఎక్కడ సాటిన్ కుట్టు, ఎక్కడ టాటామీ కుట్టు, కింద ఆధారపు కుట్టు ఎంత, సూది ఒక పువ్వు ముగించి రెండో పువ్వుకు ఏ దారిన పోవాలి, ఇవన్నీ అతనే తేల్చాలి. తెర మీద చూస్తే ఇద్దరు వేసిన నెమళ్లూ ఒకేలా ఉంటాయి. తేడా మిషన్ మీద బయటపడుతుంది. జార్జెట్ మీద కుట్లు మరీ దగ్గరైతే బట్ట ముడుచుకుపోతుంది. దూరమైతే అడుగు కనిపిస్తుంది. సూది అవసరం లేకుండా ఎగిరిన ప్రతిచోటా దారం కత్తిరించుకోవాలి, కత్తిరించిన ప్రతిసారీ కొన్ని సెకన్లు పోతాయి. ఒకే ఫ్రేము మీద వరసగా ఎన్నో హెడ్లున్న పెద్ద మిషన్‌లో ఒక్క హెడ్‌లో దారం తెగినా మిగతావన్నీ ఆగి చూస్తుండాల్సిందే. కాబట్టి బాగా వేసిన ఫైలు రాత్రి షిఫ్టులో చీరల లెక్క పెంచుతుంది, సరిగ్గా వేయని ఫైలు తగ్గిస్తుంది.

ఈ తేడా ముందుగా తెలిసేది యజమాని అయిన సేఠ్‌కు కాదు, మిషన్ నడిపే కారీగర్‌కు. ఫలానా వాడి ఫైలు పెడితే దారం తెగదు అని కారీగర్ నోట వచ్చిన మాట ఉందే, ఫ్రీలాన్సర్ బ్రాండుకు పునాది అక్కడ పడుతుంది. ఆ మాట కారీగర్ నుంచి సూపర్‌వైజరుకు, సూపర్‌వైజర్ నుంచి సేఠ్‌కు, సేఠ్ నుంచి పక్క షెడ్డు సేఠ్‌కు వెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఆ మాటను దూరం తీసుకెళ్లగలదు గానీ పుట్టించలేదు. అందుకే కొత్తగా పంచింగ్‌లో దిగిన కుర్రవాడు ఫైలు పంపేసి ఊరుకోకుండా, మొదటి చీర మిషన్ ఎక్కేటప్పుడు షెడ్డులో నిలబడి చూడాలి. ఎక్కడ దారం తెగిందో కారీగర్‌నే అడగాలి. ఆ గంటలో నేర్చుకున్నది ఏ కోర్సులోనూ దొరకదు. పైగా అతని ముఖం, అతని పేరు ఆ షెడ్డులో గుర్తుండిపోతాయి.

జోల్వాకు కొద్ది దూరంలో ఉన్న బార్డోలీ చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. 1928లో అక్కడి రైతుల పన్ను నిరాకరణ సత్యాగ్రహాన్ని నడిపిన వల్లభ్‌భాయ్ పటేల్‌కు సర్దార్ అన్న పేరు ఆయన పెట్టుకుంటే రాలేదు, బార్డోలీ జనం పెట్టారు. నిలిచే పేరు పని అందుకున్నవాళ్లు ఇచ్చేదే.

అయితే పేరు ఇతరులే ఇవ్వాలని చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఇచ్చిన పేరు అతుక్కోవడానికి పని మీద కాస్త చోటు ఉంచాలి. ఈ విద్యలో తెలుగువాళ్లకు గొప్ప గురువులున్నారు. సత్తిరాజు లక్ష్మీనారాయణ అన్న పేరు ఎంతమందికి తెలుసు? బాపు అన్న రెండక్షరాలు తెలియని తెలుగువాడు లేడు. ఆయన పత్రికలకు బొమ్మలు వేశారు, పుస్తకాలకు అట్టలు వేశారు, సినిమాలు తీశారు. ప్రతి బొమ్మ మూలా ఆ చిన్న సంతకం ఉండేది. చివరికి ఆయన చేతిరాతే ఒక అక్షర శైలిగా మారి, కంప్యూటరు ఫాంటుగా పెళ్లి శుభలేఖల మీదికి వచ్చింది. సంతకం లేకపోయినా ఆ ముక్కు, ఆ జడ చూసి బాపు బొమ్మ అనేస్తారు. పేరు గీతలోకే ఇంకిపోయింది.

బాపు తీసిన సాక్షి సినిమాతో 1967లో పోస్టర్ల రంగంలోకి వచ్చిన ఈశ్వర్ కథ ఫ్రీలాన్సర్లకు ఇంకా దగ్గరిది. సినిమా పోస్టరు అసలు ఎవరిది? నిర్మాతది, హీరోది, పంపిణీదారుది. గోడ మీద అంటించిన కాగితం వారం తిరిగేసరికి చిరిగిపోతుంది. అలాంటి పనిలో కూడా ఈశ్వర్ తన సంతకం వదల్లేదు. మూడు దశాబ్దాలకు పైగా వేల సినిమాలకు పబ్లిసిటీ డిజైన్లు చేశారు. ఊరి సెంటర్లో నిలబడి పోస్టరు చూసే జనం హీరో పేరుతో పాటు కింద మూలనున్న ఈశ్వర్ అన్న పేరు కూడా చదివారు. ఆ తర్వాత తన రంగం గురించి సినిమా పోస్టర్ అనే పుస్తకం రాశారు, దానికి నంది పురస్కారం వచ్చింది. ఆయన 2021లో చెన్నైలో కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ పేరు పెట్టి రాశాయి. చేసింది జాబ్ వర్కే అయినా పేరు వదులుకోనక్కరలేదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

మరి పంచింగ్ ఫైలు మీద సంతకం ఎలా? చీర మీద సంతకం కుడితే వ్యాపారి ఒప్పుకోడు. కానీ ఎంబ్రాయిడరీ మిషన్లలో ఎక్కువగా నడిచే డీఎస్‌టీ అనే ఫైలు మొదట్లో డిజైన్ పేరు కోసం 16 అక్షరాల చోటు ఉంది. జపాన్‌లోని తజిమా కంపెనీ తన మిషన్ల కోసం ఏర్పరచిన పద్ధతి అది. చాలామంది ఆ చోటును ఖాళీగా వదిలేస్తారు, లేదా సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏదో రాసేస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో సొంత పేరూ డిజైన్ నంబరూ అందులో పడతాయి. ప్రింట్ డిజైన్లు పంపే ఫోటోషాప్, టిఫ్ ఫైళ్లలోనూ రచయిత పేరు రాసే గడి ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆ డిజైన్ మళ్లీ కావాలని వెతికేవాడికి ఫైలులోనే మనిషి దొరకాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయి అయి నాలుగో చేతికి వెళ్లిన ఫైలు విషయంలో ఇది మరీ అవసరం.

సిరిసిల్ల సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే సూరత్ తెలుగువాళ్లలో చాలామందికి అది చుట్టాల ఊరు. మరమగ్గాలను సాంచాలనే ఆ ఊళ్లో వేలమంది నేస్తారు. కొద్దిమంది పేర్లే ఊరి పొలిమేర దాటాయి. వెల్ది హరిప్రసాద్ అనే నేత కళాకారుడు జీ20 చిహ్నాన్ని స్వయంగా నేసి ప్రధానికి పంపారు. 2022 నవంబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ఆయన పేరు, సిరిసిల్ల పేరు ప్రస్తావించారు. హరిప్రసాద్ ఆ ఒక్క రోజుతో పైకి రాలేదు. సూక్ష్మ కళలో, మగ్గం మీద బొమ్మలు నేయడంలో ఆయన అంతకుముందే ఏళ్లతరబడి చేయి తిప్పుతున్నారు. ఆయన ఎన్నుకున్న దారి ఇరుకైనది. అందరూ నేసే బట్టతో పోటీకి పోకుండా, ఎవరూ నేయనిది ఒకటి పట్టుకున్నారు. ఆ ఇరుకు దారిలో ఆయన ఒక్కరే కనిపించారు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం దారి వేరు. చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, తల్లి లక్ష్మి చేయి దాదాపు తొమ్మిది వేలసార్లు ముందుకూ వెనక్కూ కదలాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే పద్దెనిమిది వేలు. ఆమె భుజం నొప్పి చూడలేక మల్లేశం యంత్రం తయారుచేయడానికి పూనుకున్నారు. ఏళ్లు పట్టింది, 1999లో పూర్తయింది. దానికి లక్ష్మి ఆసు యంత్రమని తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన పేరుతోనే సినిమా వచ్చింది. తన పేరు కోసం ఆయన ప్రాకులాడలేదు. ఎవరి బాధ తీరుస్తున్నాడో స్పష్టంగా తెలిసిన మనిషి ఆయన. ఆసు నొప్పి అనగానే చేనేత ఇళ్లలో ఆయన పేరు వస్తుంది. ఫ్రీలాన్సర్ వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఇదే: ఏ ఇబ్బంది వచ్చినప్పుడు ఎదుటివాడికి నేను గుర్తుకు రావాలి? అన్ని రకాల డిజైన్లు చేయబడును అని బోర్డు పెట్టినవాడు ఏ ఇబ్బందికీ గుర్తుకు రాడు.

సూరత్‌లో తెలుగు డిజైనర్‌కు అలాంటి ఇరుకు దారి ఒకటి చేతికందే దూరంలోనే ఉంది. అది తెలుగు బజారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టినప్పుడు, గడువు తక్కువై సిరిసిల్లతో పాటు సూరత్ నుంచి కూడా చీరలు తెప్పించింది. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు రోడ్డెక్కారు. ఆ తర్వాత ఆర్డర్లు సిరిసిల్ల సాంచాలకు వెళ్లాయి. సూరత్ చీర అంటే చవక చీర అన్న మాట అప్పుడు మరింత బలపడింది. ఇక్కడ పనిచేసే తెలుగువాళ్లకు ఆ మాట మనసుకు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లకు వంగి లేచే ఆడవాళ్లకు ఎంత బరువు చీర కావాలో, పెద్దవయసు అమ్మలు ఎంత అంచు కోరతారో, గోదావరి జిల్లాల్లో శ్రావణమాసానికి ఏ రంగులు అడుగుతారో రింగ్ రోడ్డు సేఠ్‌కు తెలియదు. లింబాయత్‌లో పెరిగి, ఏటా ఊరికి వెళ్లొచ్చే అమ్మాయికి తెలుసు. గుజరాతీలో సేఠ్‌తో, తెలుగులో వస్త్రలత వ్యాపారితో మాట్లాడగలిగిన డిజైనర్ ఈ బజారులో అరుదు. తెలుగు చీరల డిజైన్లంటే ఫలానా అమ్మాయి అన్న పేరు ఖాళీగా ఉంది. ఎవరో ఒకరు వచ్చి నిలబడాలి.

ఇక పేరునే సరిచూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది, గుజరాత్‌లో ఇంటిపేరు చివర రాస్తారు, మధ్యలో తండ్రి పేరు చేరుస్తారు. ఫలితంగా ఒకే మనిషి ఆధార్‌లో ఒక పేరుతో, బ్యాంకు పాసుబుక్కులో ఒక పేరుతో, ఇన్‌స్టాగ్రామ్‌లో మూడో పేరుతో ఉంటాడు. సేఠ్ ఫోన్‌లో అతని నంబరు ఏకంగా పంచింగ్‌వాలా అని సేవ్ అయి ఉంటుంది. వెతికేవాడికి ఈ నలుగురూ ఒక్కడే అని తెలియదు. పలకడానికి తేలికైన ఒక పేరు, ఒకే స్పెల్లింగుతో బిల్లు మీద, ఫైలు మీద, వాట్సాప్ బిజినెస్ ప్రొఫైల్‌లో, గూగుల్ మ్యాప్‌లో ఉండాలి. నోటి మాటగా పాకిన పేరు ఫోన్‌లో వెతికితే దొరికినప్పుడే పని ఇంటికి వస్తుంది.

పని చూపించడంలో ఇక్కడొక చిక్కుంది. సీజను డిజైన్లు ముందే బయటపడితే మార్కెట్లో పదిమంది దింపేస్తారు. అందుకే వ్యాపారులు చూపించవద్దంటారు, ఆ మాట దాటకూడదు. దాటినవాడి పేరు చెడ్డగా పాకుతుంది, అదీ వేగంగా. సీజను అయిపోయాక అనుమతి అడిగి పెట్టుకోవచ్చు. ఎవరి ఆర్డరూ కాకుండా సొంతంగా వేసిన నాలుగు మంచి డిజైన్లు నమూనా పుస్తకంలో ఉంటే మరీ మంచిది. బట్ట మీద నిజంగా కుట్టించిన ముక్కలు పెట్టాలి. తెర మీది బొమ్మ చూసి ఈ బజారు నమ్మదు. వేళ్లతో తడిమి, తిరగేసి వెనక దారాలు చూసి నమ్ముతుంది.

కాపీ బెడద గురించి చట్టం ఏమంటుందో చాలామంది డిజైనర్లకు తెలియదు. నేను గీశాను కాబట్టి కాపీరైట్ నాదే అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్‌గా నమోదు చేయించుకోదగ్గ బొమ్మను నమోదు చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువు మీద వేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. మరమగ్గాల ఊళ్లో 50 చీరలు ఒక పూట పని. సోఫా బట్టల మీది బొమ్మల విషయంలో మైక్రోఫైబర్స్ అనే అమెరికన్ కంపెనీ గిర్ధర్ అండ్ కంపెనీ మీద వేసిన దావాలో, ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ 2009లో ఈ సెక్షన్ ఆధారంగానే మైక్రోఫైబర్స్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అంత పెద్ద కంపెనీకే చుక్కెదురైంది. రక్షణ కావాలంటే 2000 డిజైన్ల చట్టం కింద నమోదు చేయించాలి. నమోదైతే పదేళ్లు హక్కు ఉంటుంది, మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. ముఖ్యమైన షరతు ఏమిటంటే దరఖాస్తు పెట్టేనాటికి ఆ డిజైన్ బయటి లోకానికి వెల్లడై ఉండకూడదు. మార్కెట్ గ్రూపుల్లో తిప్పాక నమోదుకు వెళ్తే లాభం ఉండదు. ప్రతి పువ్వునూ నమోదు చేయించడం అయ్యే పని కాదు. పేరు తెచ్చిపెడుతుందని నమ్మకమున్న రెండు మూడింటికి చేయించాలి.

పేరుకూ డబ్బుకూ ఉన్న లంకె సంగతి. సూరత్ బజారులో చెల్లింపులు నెలలు సాగడం పాత అలవాటు. ఎంఎస్ఎంఈ చట్టం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చిన్న సంస్థలకు డబ్బు ఇవ్వాలంటుంది. అలా ఇవ్వని బాకీని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదని ఆదాయపన్ను చట్టంలో 43బి సెక్షన్‌కు చేర్చిన కొత్త నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది మొదటి నెలల్లో సూరత్ వస్త్ర వ్యాపారుల మధ్య దీని మీద పెద్ద గొడవే నడిచింది. చిన్న సంస్థల నమోదు కోసం ఉన్న ఉద్యమ్ పోర్టల్లో నమోదైన ఒంటరి డిజైనర్ కూడా సేవలందించే సూక్ష్మ సంస్థే. ఆ నమోదుకు రుసుము లేదు, ఆధార్, పాన్ ఉండాలి. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేసి, ఒప్పుకున్న గడువు రాసి ఇచ్చే డిజైనర్‌ను బజారు వేరేగా చూస్తుంది. బిల్లే లేకుండా నోట్‌బుక్ లెక్కతో పని చేసేవాడిని ఎంత ప్రతిభ ఉన్నా కూలివాడిగానే చూస్తుంది. ఇది కఠినంగా వినిపించినా ఇక్కడ జరిగేది ఇదే.

రెండు మూడేళ్లుగా కృత్రిమ మేధ నిమిషానికో పూల డిజైన్ గీసిపెడుతోంది. ప్రింట్ డిజైనర్లకు బెంగ పట్టుకుంది. బెంగ అబద్ధం కాదు. బొమ్మ మాత్రమే అమ్మేవాడికి రేటు పడిపోతుంది. కానీ ఆ బొమ్మ అయిదున్నర మీటర్ల చీరలో కొంగు దగ్గర ఎలా ఆగాలి, కుచ్చిళ్లలోకి వెళ్లే భాగంలో ఎంత తగ్గాలి, రిపీట్ అతుకు ఎక్కడ కనిపించకుండా దాచాలి, నాలుగు రంగుల మ్యాచింగ్‌లో ఏది తెలుగు నేల మీద అమ్ముడుపోదు, ఇవి చెప్పగలిగిన మనిషికి గిరాకీ తగ్గదు. అందువల్ల ఇకముందు డిజైనర్ తన పేరును బొమ్మలకు కాకుండా తన తీర్పుకు ముడివేసుకోవాలి. వద్దు, ఈ డిజైన్ ఈ బట్టకు నప్పదు అని సేఠ్ ముఖం మీద మర్యాదగా చెప్పగలిగినవాడికి మరుసటి సీజనులో సేఠే ఫోన్ చేస్తాడు. తలూపి పని చేసేసి, చీరలు వెనక్కి వచ్చాక ముఖం చాటేసేవాడికి చేయడు.

ఈ ప్రసంగం వింటున్న తెలుగు డిజైనర్లకు, పంచింగ్ చేసే కుర్రాళ్లకు, కెమెరా పట్టుకున్న అమ్మాయిలకు ఒక్క విన్నపం. ఈ వారం పంపబోయే ఫైలు తెరిచి, పేరు రాసే గడిలో మీ పేరు రాయండి. మీ దగ్గరున్న డిజైన్లలో ఇంకా ఎవరికీ చూపించని మంచిదాన్ని ఒకటి పక్కకు తీసి, వాట్సాప్‌లో పెట్టకముందే డిజైన్ నమోదుకు దరఖాస్తు చేయండి. విడిగా పనిచేసే వ్యక్తికి ఆ దరఖాస్తు రుసుము వెయ్యి రూపాయలు, ఆన్‌లైన్లోనే కట్టవచ్చు.